డీ750 నుంచి మిర్రర్‌లెస్‌కి: పెళ్లిళ్లకీ, ఆదివారం పక్షులకీ ఒకే సిస్టమ్ సరిపోతుందా?

నల్లకుంట_డీ750

అందరికీ నమస్తే. నాలుగేళ్లుగా ఇక్కడ మీరు రాసేవన్నీ చదువుతున్నాను. అడగడం ఇదే మొదటిసారి.

ఆరేళ్లు ఒక అన్న దగ్గర సెకండ్ షూటర్‌గా చేశాను. పోయిన కార్తీకం నుంచి సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నాను, నెలకు రెండో మూడో. నా దగ్గరున్న సామాను: నికాన్ డీ750 (లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ బాడీ), లెన్సుల్లో 24-120 ఎఫ్/4జీ, 85 ఎఫ్/1.8జీ, పాత 50 ఎఫ్/1.8డీ, గోడాక్స్ ఫ్లాష్‌లు రెండు, వాటిని కెమెరా మీంచి వెలిగించే ట్రిగ్గర్. డీ750లో రెండు కార్డులు వేస్తాను కాబట్టి ఫొటోలు పోతాయన్న భయం లేదు. ఆదివారం ఖాళీ దొరికితే అమీన్‌పూర్ చెరువుకి వెళ్తాను. అప్పుడు ఒక మిత్రుడి 200-500 లెన్స్ అడిగి తెచ్చుకుంటాను.

పోయిన నెల కొంపల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. ముహూర్తం రాత్రి రెండు దాటాక. జీలకర్ర బెల్లం పెట్టి, అడ్డుతెర దించగానే అమ్మాయి తల ఎత్తి చూసింది. నేను 85 పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి 1.8లో ఉన్నాను. డీ750లో 51 ఫోకస్ పాయింట్లూ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి కదా, కంటి మీద పట్టి, ఫ్రేమ్ పక్కకి జరిపి నొక్కాను. పదకొండు ఫ్రేముల్లో నాలుగే సరిగ్గా వచ్చాయి. అన్నిటికంటే మంచి చూపున్న ఫ్రేములో కళ్లు మసకగా ఉన్నాయి, వెనక జడలో మల్లెపూలు మాత్రం ఒక్కో రేకూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. వాళ్లు ఆల్బమ్ చూసి సంతోషించారు. ఆ ఫ్రేమ్ మాత్రం నేను వాళ్లకి ఇవ్వలేదు.

బడ్జెట్ మొత్తం 3 లక్షలు. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ బాడీల్లో సోనీ ఏ7 ఫోర్, కెనాన్ ఆర్6 మార్క్ టూ, నికాన్ జెడ్6 త్రీ చూస్తున్నాను. చుట్టూ ఉన్నవాళ్లంతా సోనీ అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

తలంబ్రాల_కెమెరా

తమ్ముడూ, నేను పద్నాలుగేళ్లుగా పెళ్లిళ్లే చేస్తున్నాను. 2018లో ఏ7 త్రీ వచ్చాక సోనీకి మారాను, మళ్లీ వెనక్కి చూడలేదు. నా మాట సోనీయే. కారణం బాడీ కాదు, లెన్సులు.

సోనీ తన ఈ-మౌంట్‌ని, అంటే లెన్స్ బాడీకి తగిలే అమరికని, బయటి కంపెనీలకి మొదట్లోనే తెరిచింది. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్ కూడా 2013లోనే తెచ్చింది. కెనాన్, నికాన్ ఆ బాట పట్టింది 2018లో. ట్యామ్రాన్, సిగ్మా వాళ్లు దీనికి చేసిన లెన్సులు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కూడా బోలెడు. నా బ్యాగులో ఎప్పుడూ ఉండేది ట్యామ్రాన్ 28-75 ఎఫ్/2.8. బరువు 540 గ్రాములే, తెల్లారేదాకా మెడలో ఉన్నా నొప్పి పుట్టదు.

ఇంకొక సంగతి. నువ్వు ఒక్కడివే పెళ్లి చెయ్యవు. సెకండ్ షూటర్ కావాలి, వీడియో అబ్బాయి కావాలి. నేను పిలిచే పదిమందిలో ఏడెనిమిది మంది సోనీయే. మండపంలో నా లెన్స్ చేతిలోంచి జారిపడితే పక్కవాడి లెన్స్ తగిలించుకుని పని కానిస్తాను. ఒకసారి కాదు, రెండుసార్లు అదే నన్ను కాపాడింది. సిస్టమ్ అంటే నా లెక్కలో అదీ, మనతో పనిచేసేవాళ్ల బ్యాగులు కూడా అందులోకే వస్తాయి.

కోఠి_క్లిక్స్

అన్నా, మీ మాటతో నాకు పేచీ లేదు. కానీ ఈయన దగ్గర ఇప్పటికే నికాన్ సామాను ఉంది. అది అమ్మితే సెకండ్ హ్యాండ్‌లో వచ్చేది చాలా తక్కువ. నేను రోజూ చూస్తున్నదే ఇది. డీఎస్ఎల్ఆర్ సామానుకి రేటు పడిపోయింది. అమ్మేవాడికి అది నష్టం, దగ్గర పెట్టుకున్నవాడికి మాత్రం ఏమీ పోలేదు.

నల్లకుంట గారూ, లెక్క ఇలా చూడండి. మీ డీ750 వాడే నికాన్ ఎఫ్ మౌంట్‌లో లెన్స్ అంచుకీ సెన్సర్‌కీ మధ్య దూరం 46.5 మి.మీ. నికాన్ మిర్రర్‌లెస్‌లు వాడే జెడ్ మౌంట్‌లో 16 మి.మీ. ఆ మధ్య ఖాళీని నింపే గొట్టమే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్. అందులో అద్దాలేమీ ఉండవు కాబట్టి ఫొటో నాణ్యత తగ్గదు. మీ 24-120, మీ 85 రెండూ లోపల మోటారున్న లెన్సులు. ఆటోఫోకస్ మామూలుగా పనిచేస్తుంది, కళ్లని పట్టుకోవడం కూడా వస్తుంది.

మీ 50 ఎఫ్/1.8డీ మాత్రం కుదరదు. వెనక్కి తిప్పి మౌంట్ రింగ్ చూడండి, గీత పడ్డ చిన్న స్క్రూ తలలాంటిది కనిపిస్తుంది. డీ750 లోపలి మోటారు ఆ స్క్రూని తిప్పి ఫోకస్ చేస్తుంది. అడాప్టర్‌లో మోటారు లేదు. జెడ్ బాడీ మీద దాన్ని చేత్తోనే తిప్పుకోవాలి. ఈ సంగతి చెప్పకుండా అడాప్టర్ అమ్మేవాళ్లున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గోడాక్స్ ట్రిగ్గర్ సంగతీ అంతే. అది బ్రాండుని బట్టి ఉంటుంది. నికాన్‌లోనే ఉంటే మీ పాతదే నడుస్తుంది. సోనీకో కెనాన్‌కో పోతే ఇంకొకటి కొనాలి.

ఉప్పల్_ఆర్6

కెనాన్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తాను. ఆర్6 మార్క్ టూ రెండేళ్లుగా వాడుతున్నాను. దాని ఆటోఫోకస్ నమ్మకం వేరు. ఒంటి రంగు, పసుపు రంగు పెద్దగా దిద్దే పని లేకుండానే వస్తాయి. రెండు స్లాట్లూ మామూలు ఎస్‌డీ కార్డులే. చేతిలో పట్టు కూడా బాగుంటుంది. మగపెళ్లివారితో బారాత్‌లో రెండు గంటలు నడిచాక దాని విలువ తెలుస్తుంది.

ఇబ్బంది ఒక్కటే. ఆర్ఎఫ్ మౌంట్‌లో ఫుల్ ఫ్రేమ్‌కి ఆటోఫోకస్ లెన్సులు చెయ్యడానికి బయటి కంపెనీలకి కెనాన్ దారి ఇవ్వలేదు. 2024లో సిగ్మా, ట్యామ్రాన్‌లకి అనుమతి ఇచ్చినా అది క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) లెన్సుల వరకే. కాబట్టి కెనాన్ సొంత లెన్సులే కొనాలి, లేదా పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో పెట్టుకోవాలి. నా దగ్గర ఈఎఫ్ లెన్సులు నాలుగు ముందే ఉన్నాయి, అందుకే నాకు సరిపోయింది. మీ దగ్గర ఒక్కటి కూడా లేదు. నిజం చెప్పాలంటే మీకు కెనాన్ చెప్పలేను.

అమీన్‌పూర్_కొంగలు

పక్షుల సంగతి నేను అందుకుంటాను. అమీన్‌పూర్‌ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు వచ్చేసినా చలికాలం ఉదయాలు అక్కడ ఇంకా అద్భుతంగానే ఉంటాయి. పక్షులు గట్టుకి దూరంగా, నీళ్ల మధ్యలో ఉంటాయి. 200 మి.మీ. లెన్స్‌తో చుక్కల్లా కనిపిస్తాయి. 500, 600 కావాల్సిందే.

ఆ లెన్సులు మూడు బ్రాండ్లలోనూ ఉన్నాయి. సోనీ 200-600 ఉంది, అది 2 కిలోల పైమాటే. నికాన్ జెడ్ 180-600 కూడా దాదాపు అంతే. కెనాన్‌లో 100-500 ఉంది. వీటిలో ఏది కొత్తది కొన్నా మీ 3 లక్షల్లో పెద్ద ముక్క పోతుంది. పెళ్లిళ్ల డబ్బుతో పక్షుల లెన్స్ ఇప్పుడే కొనకండి. మీ మిత్రుడి 200-500 కూడా మోటారున్న లెన్సే, ఎఫ్‌టీజెడ్ మీద బాగా పనిచేస్తుంది. నేను రెండేళ్లు అలాగే తీశాను. అడిగితే ఇచ్చే మిత్రుడు ఉండగా మౌంట్ మార్చుకోవడం ఎందుకు?

ఒకవేళ ముందు ముందు పక్షుల కోసమే ఒక చిన్న బాడీ తీసుకోవాలనిపిస్తే క్రాప్ సెన్సర్ చూడండి. నికాన్, సోనీ, ఫూజీల్లో దాని మీద లెన్స్ 1.5 రెట్లు దగ్గరగా చూపిస్తుంది. 500 పెడితే 750తో చూసినట్టుంటుంది.

శాలిబండ_సాయంత్రాలు

నేను డబ్బుల కోసం తియ్యను, నా కోసం తీసుకుంటాను. కాబట్టి నా మాటని అలాగే చూడండి.

మూడేళ్ల కిందట ఒక ఫుల్ ఫ్రేమ్ బాడీ, 24-70 కొన్నాను. ఆ బ్యాగు అల్మారాలోనే ఉండిపోయేది. రంజాన్ నెలలో రాత్రి చార్మినార్ దగ్గర అంత పెద్ద లెన్స్ ఎత్తితే గాజుల కొట్టాయన పని ఆపి ఇటు చూసేవాడు. నేను వెళ్లింది ఆయన పని చూడ్డానికి. చివరికి అది అమ్మేసి ఫూజీ ఎక్స్-టీ5, 35 ఎఫ్/2 తీసుకున్నాను. బాడీ 557 గ్రాములు. ఇప్పుడు కూరగాయలకి వెళ్లినా భుజానికి ఉంటుంది. లాడ్‌బజార్‌లో లక్క కరిగించి గాజుకి రాళ్లు అద్దుతున్న ఆయన వేళ్లు, గోళ్లలో ఇరుక్కున్న ఎర్ర లక్క, ఆ ఫొటో పోయిన శీతాకాలం తీశాను. పాత కెమెరాతో అయితే అంత దగ్గరికి వెళ్లేదాన్నే కాదు.

మీరు ఒక సిస్టమ్‌లోనే రెండు పనులూ కావాలంటున్నారు. కానీ మీ టపాలో సొంత ఫొటోల గురించి రాసింది పక్షులు ఒక్కటే. ఇంట్లోవాళ్ల ఫొటోలు దేంతో తీస్తున్నారు?

నల్లకుంట_డీ750

మేడమ్, మీ ప్రశ్న చదివి కాసేపు ఆగిపోయాను. మా పాపకి మూడేళ్లు. దాని ఫొటోలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. డీ750తో తీసినవి మొదటి పుట్టినరోజువి మాత్రమే.

మల్కాజ్‌గిరి_రిసెప్షన్

బాడీ ఏది తీసుకున్నా ఒక విషయం ముందే తెలుసుకోండి. ఇది నాకు జరిగింది.

మిర్రర్‌లెస్ కొత్తగా కొన్న నెలలో శంషాబాద్ దగ్గర ఒక పెద్ద కన్వెన్షన్ హాల్లో రిసెప్షన్. వేదిక వెనక మొత్తం ఎల్ఈడీ గోడ. సైలెంట్ షట్టర్ కదా, చప్పుడు లేదని ఆనందంగా నాలుగు వందల ఫ్రేములు తీశాను. వెనక చిన్న స్క్రీన్ మీద అంతా బాగానే కనిపించింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే అబ్బాయి ముఖం మీద, అమ్మాయి పట్టుచీర మీద అడ్డంగా నల్ల చారలు. ఒక ఫ్రేములో చార సరిగ్గా కళ్ల మీద పడింది. వాటిలో సగం దిద్దడానికి కూడా పనికిరాలేదు. ఆ కుటుంబానికి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కారణం ఇదీ. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్ బొమ్మనంతా ఒక్కసారిగా చదవదు, వరుస తర్వాత వరుసగా పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. ఎల్ఈడీ వెలుగు మన కంటికి నిలకడగా ఉన్నా నిజానికి వెలిగి ఆరుతూ ఉంటుంది. ఆరినప్పుడు చదివిన వరుసలు నల్లగా వస్తాయి. సెన్సర్ ఎంత నెమ్మదిగా చదివితే అన్ని ఎక్కువ చారలు. ఏ7 ఫోర్ సెన్సర్ ఈ విషయంలో నెమ్మదే. జెడ్6 త్రీది చాలా వేగం, అయినా పూర్తిగా తప్పించుకోలేం.

మందు: ఎల్ఈడీ ఉన్న హాల్లో మెకానికల్ షట్టరే పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. 1/100 గానీ 1/50 గానీ పెడితే వాటి చారలు పోతాయి. ఎల్ఈడీ గోడల లెక్క వేరుగా ఉంటుంది, కాబట్టి వెళ్లగానే నాలుగు షట్టర్ వేగాల్లో తీసి, పెద్దది చేసి చూసుకోండి. సైలెంట్ షట్టర్ పగటి వెలుగులో, గుడిలో, నిఖా చదివేటప్పుడు వాడుకోవచ్చు.

తలంబ్రాల_కెమెరా

ఇది వంద శాతం నిజం. నేనూ హాల్లో మెకానికలే వాడతాను. ఏ7 ఫోర్ గురించి అన్నది కూడా ఒప్పుకుంటాను.

కోఠి_క్లిక్స్

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్తాను, కొత్తదైనా పాతదైనా.

బిల్లు లేకుండా తక్కువకి ఇస్తామంటే తీసుకోకండి. బయటి దేశం నుంచి అలా వచ్చిన బాడీకి ఇక్కడ కంపెనీ వారంటీ సాధారణంగా దొరకదు. బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరు, బాడీ కింద ఉన్న నంబరు ఒకటేనా అని కొట్టులోనే చూసుకోండి. కెమెరాల మీద 18 శాతం జీఎస్‌టీ. మీరు రిజిస్టర్ అయ్యుంటే మీ జీఎస్‌టీ నంబరుతో బిల్లు వేయించుకోండి, ఆ పన్ను మీ లెక్కలో సర్దుబాటు చేసుకోవచ్చు. 3 లక్షల సామాను మీద అది చిన్న మొత్తం కాదు.

పాత లెన్స్ అయితే అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులాంటి సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలెయ్యండి. మన ఊళ్లో జులై నుంచి సెప్టెంబరు దాకా అల్మారాలో బట్టల మధ్య పెట్టిన లెన్సులకి పట్టేది అదే. డ్రై క్యాబినెట్ కొనలేకపోతే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. తోలు కవర్లో మాత్రం పెట్టొద్దు, అది తేమ పీల్చుకుంటుంది.

ఇంకొకటి. జెడ్6 త్రీలో ఒక స్లాట్ సీఎఫ్ ఎక్స్‌ప్రెస్, ఒకటి ఎస్‌డీ. ఆ మొదటి రకం కార్డు ఖరీదు, దాని రీడరు వేరు. వీడియో ఎక్కువ చెయ్యకపోతే 2025లో వచ్చిన జెడ్5 టూ చూడండి. రెండూ ఎస్‌డీ స్లాట్లే, మీ కార్డులే వాడుకోవచ్చు. చీకట్లో ఫోకస్ చాలా బాగా పడుతుంది. సైలెంట్ షట్టర్ నెమ్మది, కానీ పైన ఆయన చెప్పింది చదివాక మీరు హాల్లో అది వాడరు కదా. మిగిలిన డబ్బుతో జెడ్ 50 ఎఫ్/1.8 తీసుకోండి. మీ 24-120తో పోలిస్తే దాదాపు 5 రెట్లు వెలుగు లోపలికి వస్తుంది. అర్ధరాత్రి ముహూర్తానికి కావాల్సింది అదే.

తలంబ్రాల_కెమెరా

జెడ్5 టూ మాట నాకు తట్టలేదు. నచ్చింది. కానీ సెకండ్ షూటర్ల సంగతి మర్చిపోవద్దు.

అమీన్‌పూర్_కొంగలు

అన్నా, దానికీ ఒక దారి ఉంది. జెడ్ మౌంట్ లోతు 16 మి.మీ., సోనీది 18. ఆ 2 మి.మీ. తేడాలో పట్టే పల్చటి అడాప్టర్లు ఉన్నాయి, సోనీ లెన్స్ నికాన్ మీద ఆటోఫోకస్‌తో పనిచేస్తుంది. పెళ్లిలో మొదటి ఎంపికగా దాన్ని నమ్ముకోమనను. అత్యవసరానికి పనికొస్తుంది.

సికింద్రాబాద్_చీకటిగది

అరవై రెండేళ్ల వాడిని, ముప్ఫై ఏళ్లు స్టూడియో నడిపాను. కెమెరాల గురించి పిల్లలే బాగా చెప్తున్నారు. నేను ఫొటోలు దాచుకోవడం గురించి ఒక్క మాట చెప్తాను.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ మన సికింద్రాబాద్‌లోనే స్టూడియో నడిపారు. ఆయన 1905లో పోయారు. ఆయన గాజు పలకల నెగటివ్‌లు ఇవాళ్టికీ ఉన్నాయి, వాటి నుంచి ప్రింట్లు తీస్తున్నారు. చేతిలోంచి జారితే పగిలిపోయే వస్తువు నూరేళ్లు దాటి నిలిచింది, ఎవరో జాగ్రత్తగా దాచారు కాబట్టి. మన కార్డు గోరంత ఉంటుంది, ఎప్పుడు పోతుందో చెప్పదు. నా కళ్ల ముందే ఒక కుర్రాడి కార్డు చెడిపోయి మంగళస్నానం ఫొటోలు మొత్తం పోయాయి. ఆ అమ్మాయి నాయనమ్మ ఆ తర్వాత నెలకే కాలం చేసింది. ఆమె పసుపు రాస్తున్న ఫొటోలు అందులోనే ఉన్నాయి.

నల్లకుంట బాబూ, రెండు కార్డులు వేస్తాను కాబట్టి భయం లేదని రాశావు. రెండో స్లాట్ ఏ పని మీద పెట్టావో మెనూలో ఒకసారి చూడు. బ్యాకప్ అని ఉంటే ప్రతి ఫొటో రెండు కార్డుల్లోకీ వెళ్తుంది. ఓవర్‌ఫ్లో అని ఉంటే మొదటి కార్డు నిండిన తర్వాతే రెండోదానిలోకి వెళ్తుంది.

నల్లకుంట_డీ750

పెద్దాయన గారూ, నిన్న రాత్రి మీ మాట చదివి వెంటనే లేచి చూశాను. ఓవర్‌ఫ్లో అనే ఉంది. కొన్నప్పటి నుంచీ అలాగే ఉన్నట్టుంది. నేనెప్పుడూ మొదటి కార్డు నుంచే కాపీ చేసుకునేవాణ్ని, రెండోది తెరిచి చూసిన గుర్తే లేదు. తీసి చూస్తే ఖాళీగా ఉంది. సొంతంగా ఒప్పుకున్న పెళ్లిళ్లన్నీ ఒకే కార్డు మీద నడిచాయి. చాలాసేపు నిద్ర పట్టలేదు. మీకు చాలా రుణపడి ఉన్నాను.

తలంబ్రాల_కెమెరా

బాబాయ్ గారూ, ఇది చదివి నేనూ నా రెండు బాడీలూ తీసి చూసుకున్నాను. సరిగ్గానే ఉన్నాయి. మా సెకండ్ షూటర్లకి కూడా ఇప్పుడే మెసేజ్ పెట్టాను.

నల్లకుంట_డీ750

పది రోజుల తర్వాత రాస్తున్నాను.

పోయిన శనివారం మేడ్చల్ దగ్గర పెళ్లికి జెడ్5 టూ, ఎఫ్‌టీజెడ్ అద్దెకి తెచ్చుకున్నాను. తెలిసిన అన్న ఏ7 ఫోర్ కూడా ఒక పూట ఇచ్చాడు. రెండూ మండపంలో వాడాను. సోనీ ఫోకస్‌లో ఏ లోటూ లేదు. కానీ నికాన్ చేతిలోకి తీసుకోగానే ఐఎస్ఓ బటన్ కోసం, ఎక్స్‌పోజర్ కోసం వెతుక్కోలేదు. తాళి కట్టేటప్పుడు చుట్టూ నలభై చేతులు అక్షింతలు వేస్తుంటే వెతుక్కునే టైమ్ ఉండదు.

నా పాత 85నే అడాప్టర్‌తో పెట్టాను. అమ్మాయి కన్ను ఫ్రేము అంచుకి దగ్గరగా ఉన్నా చిన్న పెట్టె వెళ్లి దాని మీద కూర్చుంది. అడ్డుతెర దించినప్పుడు పద్నాలుగు ఫ్రేములు తీశాను. పదమూడు బాగున్నాయి. మిగతా ఒక్క దానిలో ఎవరిదో చెయ్యి అడ్డొచ్చింది.

జెడ్5 టూ, ఎఫ్‌టీజెడ్ టూ, జెడ్ 50 ఎఫ్/1.8 నిన్న కోఠిలో బిల్లుతో తీసుకున్నాను. డీ750 రెండో బాడీగా ఉంటుంది, దాని మీద 24-120. పాత 50డీ కూడా అమ్మలేదు, డీ750తో పాటు ఇంట్లో పాప ఆడుకునే గదిలో అందేచోట పెట్టాను. పనికి వెళ్లేటప్పుడే బాడీ బ్యాగులో వేసుకుంటాను.

శాలిబండ_సాయంత్రాలు

చాలా సంతోషం. పాప ఫొటో ఒకటి ప్రింట్ వేయించి గోడకి పెట్టండి.

సికింద్రాబాద్_చీకటిగది

కొత్త బాడీలో రెండో స్లాట్ చూశావా బాబూ?

నల్లకుంట_డీ750

కొట్టులోనే చూశాను. బ్యాకప్‌కి మార్చి, ఒక ఫొటో తీసి, రెండు కార్డులూ తీసి చూపించమన్నాను. రెండిట్లోనూ ఉంది.